పనిచేస్తూ చూసిన జపాన్

పోర్ట్ బ్లెయిర్ నుంచి కార్బిన్స్ కోవ్ బీచికి వెళ్లే దారిలో, సముద్రం వైపు తుపాకీ కన్నాలతో, రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం కట్టిన కాంక్రీటు బంకర్లు ఇప్పటికీ ఉన్నాయి. చిన్నప్పుడు పిక్నిక్‌కి వెళితే వాటిలోకి దూరి దాగుడుమూతలు ఆడుకునేవాళ్లం. అండమాన్‌లో పెరిగిన మా తరానికి జపాన్‌తో తొలి పరిచయం అదే. పెద్దయ్యాక ఆ దేశానికి ఒంటరిగా వెళ్లాను. అక్కడి ముసలివాళ్లకు సేవచేసే ఉద్యోగంలో చేరాను. సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కి తిరిగాను. ఆ పనీ ఆ తిరుగుడూ కలిసి నాకు చూపించిన జపాన్ గురించే ఇదంతా.

మా ఊరు ప్రోతరాపూర్. పోర్ట్ బ్లెయిర్‌ను ఆనుకునే ఉంటుంది. ఆ నగరం పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది గానీ మా నోళ్లలో ఇంకా పాతపేరే నలుగుతోంది. ప్రోతరాపూర్ అనగానే దీవుల్లో ఎవరైనా ‘జైలున్న ఊరేగా’ అంటారు. జిల్లా జైలు మా ఊళ్లోనే ఉంది. మా చుట్టుపక్కల బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, రాంచీ వాళ్లు, కాలాపానీ ఖైదీల వారసులైన లోకల్ బార్న్ కుటుంబాలు ఉంటాయి. వీధిలో అందరం హిందీ మాట్లాడుకుంటాం. ఇంట్లో మాది శ్రీకాకుళం తెలుగు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లోని 3,80,581 మందిలో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. వాళ్లలో ఎక్కువమంది ఉత్తరాంధ్ర తీరం నుంచి కూలికీ, చేపల వేటకీ వచ్చినవాళ్ల బిడ్డలు.

మా తాత కూడా అలా వచ్చినవాడే. విశాఖపట్నంలో ఓడెక్కి, సముద్రం మీద మూడు రోజులు వాంతులు చేసుకుంటూ, తెలిసినవాడొక్కడూ లేని దీవిలో దిగాడు. రోడ్డు పనుల్లో రాళ్లు మోశాడు. నిలదొక్కుకున్నాక వెనక్కెళ్లి నాన్నమ్మను తెచ్చుకున్నాడు. నేను జపాన్ వెళ్తానన్న రోజున నాన్నమ్మ, “ఒక్కదానివీ అంత దూరం ఎలగెల్తావే? అక్కడ మనోలెవులున్నారు?” అంది. “తాతకి మాత్రం ఇక్కడ ఎవులున్నారు నాన్నమ్మా?” అన్నాను. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ వద్దనలేదు.

కొన్ని దేశాల కుర్రాళ్లకు జపాన్ వర్కింగ్ హాలిడే వీసా ఇస్తుంది. ఏడాదిపాటు దేశం తిరుగుతూ, ఖర్చులకు చిన్నచిన్న పనులు చేసుకోవచ్చు. ఆ జాబితాలో ఇండియా లేదు. మనకున్న దారి వేరు. పనివాళ్ల కొరతతో సతమతమవుతున్న రంగాల కోసం జపాన్ 2019 ఏప్రిల్‌లో స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ అనే వీసా మొదలుపెట్టింది. దానిమీద 2021 జనవరిలో మన ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. వృద్ధుల సంరక్షణ, వ్యవసాయం, హోటళ్లు, నిర్మాణం లాంటి రంగాలు ఇందులో ఉన్నాయి. వృద్ధుల సంరక్షణకు వెళ్లాలంటే జపనీస్ భాషలో ఎన్4 స్థాయి పరీక్షో దానికి సమానమైనదో పాసవ్వాలి. ఆ పైన సంరక్షణ పనిమీద ఒక పరీక్ష, ఆ పనికి కావాల్సిన భాషమీద మరొకటి రాయాలి. ఈ వీసా మొదటి మెట్టు మీద మొత్తం ఐదేళ్లు పనిచేయొచ్చు. కుటుంబాన్ని మాత్రం తీసుకెళ్లడానికి లేదు. కాబట్టి అందరం ఒంటరిగా వెళ్లేవాళ్లమే.

భాష అంటే భయపడేవాళ్లకు ఒక మాట చెప్పాలి. అక్షరాలు కష్టమే. 46 హిరగానా, 46 కటకానా వచ్చాక కాంజీ అనే మహాసముద్రం మొదలవుతుంది. వాక్యం మాత్రం మనకు అచ్చంగా ఇంటి వరస. కర్త ముందు, కర్మ తర్వాత, క్రియ చివర. ‘కు’, ‘లో’, ‘నుంచి’ లాంటివి వాళ్లకూ మాట వెనకే అతుక్కుంటాయి. ‘నేను నిన్న స్టేషన్‌కు వెళ్లాను’ అని తెలుగులో అనుకుని, ఒక్కో మాటనూ మార్చుకుంటూ పోతే జపనీస్ వాక్యం దాదాపుగా తయారైపోతుంది. ఇంగ్లిష్ నేర్చుకునేటప్పుడు తలకిందులుగా ఆలోచించాల్సి వచ్చింది. ఇక్కడ ఆ బాధ లేదు.

నేను పనిచేసింది టోక్యో పక్కనున్న సైతామా ప్రిఫెక్చర్‌లో ఒక వృద్ధాశ్రమంలో. జపాన్ జనాభాలో 65 ఏళ్లు దాటినవాళ్లు దాదాపు 29 శాతం. ఆ అంకె నిజంగా ఎలా ఉంటుందో మా ఆశ్రమంలో ఉదయం ఆరున్నరకు తెలిసేది. ఆ వేళకు రేడియోలో పియానో మోగుతుంది. 1928లో మొదలైన రేడియో వ్యాయామం అది. లేచి నిలబడగలిగినవాళ్లు నిలబడి, లేనివాళ్లు చక్రాల కుర్చీలోనే కూర్చుని చేతులు పైకెత్తుతారు. చిన్నప్పటి బడి నుంచీ చేస్తున్నది కదా, పేర్లు మరిచిపోయినవాళ్లు కూడా ఆ కదలికలు మరిచిపోలేదు.

ఆ పనిలో పట్టుబడాల్సినవన్నీ చిన్న విషయాలే. మింగడం కష్టమైనవాళ్లకు టీ పలచగా ఇస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని కప్పులో పొడి వేసి చిక్కబరచాలి. ఎవరికి ఎంత చిక్కదనమో చార్టులో రాసి ఉంటుంది. పొడి వేయగానే కలపాలి, కలిపాక కాసేపు ఆగాలి, చెంచా వంచితే టీ ధారగా కారకుండా మెల్లగా జారాలి. అప్పుడు మనం కింద కూర్చుని, వాళ్ల కళ్లకు మన కళ్లు అందేలా చూసుకుని, గడ్డం కొంచెం కిందికి ఉన్నప్పుడు ఇవ్వాలి. నిలబడి తాగిస్తే వాళ్లు తల పైకెత్తుతారు, పొలమారుతుంది. స్నానం తర్వాత యుకతా అనే వదులు అంగీ కట్టేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది శవానికి. రాత్రి డ్యూటీలో ఎంత అలసిపోయినా ఆ వరస తప్పకూడదు.

మన దగ్గర ఏ ముసలావిడనైనా అమ్మమ్మా, మామ్మగారూ అని పిలిస్తే పొంగిపోతుంది. అక్కడ అలా పిలవకూడదని మొదటి రోజే చెప్పారు. ఇంటిపేరు పలికి చివర ‘సాన్’ చేర్చాలి. జీవితమంతా బడిలో పాఠాలు చెప్పినావిడ, బియ్యం కొట్టు నడిపినాయన, మంచానపడ్డాక ఎవరికో తాతా అవ్వా అయిపోవడం వాళ్లకు ఇష్టం ఉండదు. మొదట్లో నాకు అది ఎడంగా అనిపించింది. పోనుపోనూ అందులోని గౌరవం అర్థమైంది.

వాళ్లలో ఒకావిడ టోక్యో తూర్పు పేటల్లో పుట్టారు. 1945 మార్చి 10 తెల్లవారుజామున అమెరికా విమానాలు నిప్పుబాంబులు కురిపించి దాదాపు లక్షమందిని చంపిన రాత్రి, ఆవిడ చిన్నపిల్ల. వాళ్లమ్మ కాలువవైపు పరుగెత్తిందనీ మళ్లీ కనబడలేదనీ నాకు చాలాసార్లు చెప్పారు. చెప్పిన ప్రతిసారీ కొత్తగా చెప్పినట్టే చెప్పేవారు. నేను కూడా ప్రతిసారీ కొత్తగానే విన్నాను. జపాన్ సైనికులు చేసిన అఘాయిత్యాల కథలు ప్రోతరాపూర్‌లో లోకల్ బార్న్ తాతల నోట వింటూ పెరిగినదాన్ని నేను. అదే యుద్ధంలో తల్లిని పోగొట్టుకున్న జపాన్ పిల్లకు అన్నం తినిపించాను. చరిత్ర పుస్తకం ఆ రెండింటినీ నాకు ఒకచోట చూపించలేదు. ఆ ఉద్యోగం చూపించింది.

బతుకు ఖర్చుల సంగతి కూడా చెప్పాలి. 2024 అక్టోబరులో జపాన్ సగటు కనీస వేతనం గంటకు 1,055 యెన్లకు పెరిగింది. గది అద్దె, బీమా, పింఛను, పన్నులు పోగా చేతికొచ్చేది ఇక్కడివాళ్లు ఊహించుకునేంత కాదు. అద్దె గది దొరకడం మరో కష్టం. జపాన్ న్యాయశాఖ 2017లో బయటపెట్టిన సర్వేలో, ఇల్లు వెతుక్కున్న విదేశీయుల్లో దాదాపు 40 శాతం మంది ‘విదేశీయులు’ అన్న కారణంతోనే తిరస్కారం ఎదుర్కొన్నామన్నారు. నాకు గది ఆశ్రమం తరఫున దొరికింది కాబట్టి ఆ బాధ తప్పింది. తిండికి నాకు ఇబ్బంది లేదు. అన్నం, చేప ఉంటే అండమాన్ మనిషికి ఇంకేం కావాలి? శాకాహారులకు మాత్రం అక్కడ కష్టం. చూడ్డానికి కూరగాయల పులుసులా ఉన్నదాంట్లో కూడా ఎండు చేప రసం ఉంటుంది. టోక్యోలో ఎదొగవా వార్డులోని నిషి-కసాయ్‌లో మనవాళ్లు చాలామంది ఉంటారు. అక్కడి ఇండియన్ కొట్లలో చింతపండు కొనుక్కొచ్చి, సబా చేపతో పులుసు పెట్టుకుంటే ఆ వారమంతా ఇంట్లో ఉన్నట్టే ఉండేది.

సెలవుల్లో తిరగడానికి విదేశీ టూరిస్టులు కొనే జేఆర్ పాస్ మాకు ఇవ్వరు. అది కొద్దిరోజులు చూసిపోవడానికి వచ్చినవాళ్లకే. మాలాంటివాళ్లకు అందుబాటులో ఉన్నది సెయ్‌షున్ జూహచి టికెట్. కాలేజీ సెలవుల సీజన్లలో అమ్ముతారు. పేరులోని ‘జూహచి’ అంటే 18, అయినా వయసు పట్టింపు లేదు. 2024 చలికాలం నుంచి వరుసగా మూడు రోజులకు 10,000 యెన్లు, ఐదు రోజులకు 12,050 యెన్లు. షింకన్‌సెన్ బుల్లెట్ రైళ్లు ఎక్కనివ్వరు, ఎక్స్‌ప్రెస్‌లూ కుదరవు. ప్రతి స్టేషన్‌లో ఆగే బండ్లలోనే వెళ్లాలి. టోక్యో నుంచి హిరోషిమా వైపు వెళ్తుంటే అతామీలో, హమమాత్సులో, తొయొహాషిలో, ఒగాకిలో, మైబరాలో, హిమేజీలో, ఒకయామాలో దిగి బండి మారుతూ పోవాలి. ఒక స్టేషన్‌లో యూనిఫారం పిల్లలు ఎక్కుతారు, రెండు స్టేషన్లు దాటాక ఉల్లికాడలు బయటికి కనిపించే సంచులతో ముసలమ్మలు ఎక్కుతారు. ప్లాట్‌ఫారాల మీద నిలబడి తినే నూడుల్స్ కొట్లుంటాయి. షిజువొకా దాటుతుంటే పట్టాలకు అటూఇటూ తేయాకు తోటలు. బుల్లెట్ రైల్లో గంటల్లో అయిపోయే దారికి నాకు మధ్యలో రాత్రి బస కావాల్సి వచ్చింది. ఆ దారిలోనే నాకు జపాన్ కనబడింది.

ఒంటరి ఆడపిల్లకు అక్కడ ఎలా ఉంటుందని ఊళ్లో అందరూ అడుగుతారు. హోటల్లో ఒక్కదాన్నే కూర్చుని తింటే ఎవరూ వింతగా చూడరు. ఒక్కరి కోసమే వేసిన బల్లలు ప్రతిచోటా ఉంటాయి. ఆడవాళ్లకు వేరే అంతస్తున్న కాప్సూల్ హోటళ్లున్నాయి. రాత్రి డ్యూటీ దిగి చీకట్లో నడిచి ఇంటికెళ్లాను, భయపడే అవసరం రాలేదు. అలాగని అంతా స్వర్గమేం కాదు. టోక్యో రైళ్లలో రద్దీవేళ ఆడవాళ్లకు ప్రత్యేక పెట్టెలు పెట్టారంటే, గుంపులో చేతులు వేసే మగవాళ్లు అక్కడా ఉన్నందుకే. ఇంకొకటి, ఎవరూ పలకరించని ఆదివారాలు. అది భరించడం నేర్చుకోవాలి. నాకైతే ఆ రోజుల్లో గదిలో ఉండకుండా బయటపడటమే మందు.

అలా బయటపడ్డ ఒక రోజు టోక్యోలో హిగాషి-కోయెంజి స్టేషన్ దగ్గరున్న రెంకోజీ అనే చిన్న బౌద్ధాలయానికి వెళ్లాను. నేతాజీ సుభాష్ చంద్రబోస్‌వని చెప్పే అస్థికలు 1945 సెప్టెంబరు నుంచీ అక్కడే ఉన్నాయి. అవి ఆయనవేనా అన్న వివాదం మనదేశంలో ఇప్పటికీ తెగలేదు. 1957లో నెహ్రూ, 2001లో వాజ్‌పేయి ఈ గుడికి వచ్చారు. ఇళ్ల మధ్య, పిల్లలు సైకిళ్లు తొక్కుకునే వీధిలో ఉంది. ఆవరణలో నేతాజీ విగ్రహం. నేను వెళ్లినప్పుడు ఇంకెవరూ లేరు. దండం పెట్టుకుని చాలాసేపు ఉన్నాను.

మా దీవుల పిల్లకు ఆ విగ్రహం ముందు ఒక్క భావమే రాదు. 1943 డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిర్‌లో ఆయన ఎగరేసిన జెండా మా గర్వం. సరిగ్గా ఆ రోజుల్లోనే పోర్ట్ బ్లెయిర్ వైద్యుడు డాక్టర్ దీవాన్ సింగ్ జపాన్ సైన్యం చేతిలో సెల్యులార్ జైలులో చిత్రహింసలు పడుతున్నారు. రెండు వారాలకు, 1944 జనవరి 14న, ఆయన కన్నుమూశారు. అదే నెల 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులన్న నిందవేసి కాల్చి చంపారు. వాళ్లలో చాలామంది స్వాతంత్ర్యం కోసం పెట్టుకున్న ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ సభ్యులే. 1942 మార్చి 23న దిగిన జపాన్ సైన్యం 1945 అక్టోబరులో లొంగిపోయేదాకా దీవులవాళ్లు పడ్డ ఆకలికీ, చాకిరీకీ లెక్కలేదు. మా తాత అప్పటికింకా రాలేదు కాబట్టి మా ఇంట్లో చావులేవీ లేవు. ఇరుగుపొరుగు ఇళ్లలో ఉన్నాయి. ఒకే వీధిలో బతికేవాళ్లం, వాళ్ల చావులు మావి కావా?

హిరోషిమాలో శాంతి ఉద్యానానికి వెళ్లింది ఈ బరువుతోనే. 1945 ఆగస్టు 6 ఉదయం 8.15కు పడ్డ బాంబుతో ఆ ఏడాది చివరికల్లా దాదాపు లక్షా నలభై వేలమంది చనిపోయారు. మ్యూజియంలో కాలిపోయిన టిఫిన్ డబ్బాలు, బడిపిల్లల చొక్కాలు. వాటిముందు ఇప్పటి బడిపిల్లలు వరసగా నిలబడి నోటుపుస్తకాల్లో రాసుకుంటున్నారు. ఏ ఊరి పిల్లలో, ఎవరూ అల్లరి చేయడం లేదు. ఉద్యానంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం కొరియన్ మృతుల స్మారకస్తంభం. అప్పట్లో కొరియా జపాన్ ఏలుబడిలో ఉండేది. అక్కడి నుంచి వచ్చి హిరోషిమాలో బతుకుతున్న వేలమంది కూడా ఆ బాంబుకు బలయ్యారు. వాళ్ల స్తంభాన్ని 1970లో కట్టింది ఉద్యానం బయట. లోపలికి చేర్చింది 1999లో. తమ చావులను తలచుకునే చోట ఇతరుల చావులకు చోటివ్వడానికి ఆ నగరానికి అంతకాలం పట్టింది. కానీ ఇచ్చింది. హంఫ్రీగంజ్‌కు కూడా జపాన్ పాఠ్యపుస్తకంలో ఒక వాక్యమంత చోటు ఎప్పటికైనా దొరకాలని నా కోరిక. ఆశ్రమంలో నాతో పనిచేసిన అమ్మాయికి సెలవయ్యాక ఈ సంగతి చెప్పాను. ఆమె ఎప్పుడూ వినలేదంది. ఊరి పేరు ఎలా రాయాలో అడిగి ఫోన్‌లో రాసుకుంది.

ఇంకో ప్రయాణం ఉత్తరాన సెందాయ్‌కి. అక్కడ మెట్రో దిగి బస్సెక్కి సముద్రం ఒడ్డునున్న అరహామా బడికి వెళ్లాను. 2011 మార్చి 11 సునామీలో ఊరంతా కొట్టుకుపోయినా నాలుగంతస్తుల ఆ బడి నిలబడింది. పిల్లలూ టీచర్లూ ఊళ్లోవాళ్లూ కలిపి 320 మంది మేడపైకెక్కి బతికారు. ఇప్పుడు దాన్ని ఉన్నదున్నట్టు ఉంచి అందరికీ చూపిస్తున్నారు. నీళ్లు రెండో అంతస్తు దాకా వచ్చిన గుర్తులు, వంగిపోయిన ఇనుప కటకటాలు, పెచ్చులూడిన సీలింగు. చుట్టూ ఒక ఇల్లు లేదు.

2004 డిసెంబరు 26 ఆదివారం పొద్దున ఆరున్నరకు ప్రోతరాపూర్‌లో మంచాలు ఊగినప్పుడు నేను చిన్నదాన్ని. నాన్న నన్ను ఎత్తుకుని రోడ్డుమీదికి పరుగెత్తడం గుర్తుంది. మాకు ప్రాణాపాయం తప్పింది గానీ నికోబార్‌లో ఊళ్లకు ఊళ్లే పోయాయి. బతికి బయటపడి పోర్ట్ బ్లెయిర్ శిబిరాలకు వచ్చిన నికోబారీలకు అమ్మ బట్టలు మూటకట్టి ఇచ్చింది. ఆ తర్వాత 2007లో మన హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. కబురు అందుతుంది, సరే. అందాక ఏ మేడ ఎక్కాలి, ఏ దారిన పరుగెత్తాలి? జపాన్ తీరంలో ప్రతి మలుపులో ఆ బాణంగుర్తు బోర్డులున్నాయి. మా దీవుల్లో ప్రతి తీరగ్రామంలో ఒక ఎత్తైన బడి, దానికి దారి చూపే బోర్డు ఉండాలి. అరహామా నుంచి నేను మోసుకొచ్చింది ఈ ఒక్క మాట.

ఇలా ఒంటరిగా పనికెళ్లాలనుకునే అండమాన్ పిల్లలకు, ఆంధ్ర, తెలంగాణ పిల్లలకు నేను చెప్పగలిగింది ఇదీ. వెళ్లండి. టూరిస్టుకు కనబడని జపాన్ పనివాళ్లకు కనబడుతుంది. అది గౌరవించదగ్గ దేశం, ప్రశ్నించదగ్గ దేశం కూడా. రెండూ చేయాలంటే మన చరిత్ర మనకు తెలిసి ఉండాలి. కాబట్టి దీవుల పిల్లలు బయల్దేరే ముందు హంఫ్రీగంజ్ స్మారకం చూసి వెళ్లాలి. చేరాక 14 రోజుల్లో చిరునామా నమోదు చేయించుకోండి. రెసిడెన్స్ కార్డు ఎప్పుడూ జేబులో ఉంచుకోండి. పాస్‌పోర్టు ఏ యజమాని చేతికీ ఇవ్వకండి. తిరిగొచ్చాక రెండేళ్లలోపు దరఖాస్తు చేసుకుంటే కట్టిన పింఛను డబ్బులో కొంత వెనక్కొస్తుంది, వదులుకోకండి. పోర్ట్ బ్లెయిర్‌లో ప్రభుత్వమే ఒక జపనీస్ తరగతి పెడితే మా పిల్లలు చెన్నై, కోల్‌కతా దాకా పోనక్కర్లేదు. అధికారులు దీన్ని పట్టించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, లక్షలు అడిగే ఏజెంటును నమ్మకండి. భాష నేర్చుకుని, పరీక్ష పాసై వెళ్లండి. అప్పు చేసి మాత్రం వెళ్లకండి.